కామెరాన్ స్మిత్ అంటే ఇంత చిన్నచూపు ఎందుకు? ఈ తరం మొనగాడు అసలు ఎవరు?

వెస్ట్‌మీడ్_వాసు
ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నా. ఆఫీసులో కానీ, పిల్లల ఆట దగ్గర గట్టున నిలబడ్డప్పుడు కానీ, రగ్బీ లీగ్ మాట వస్తే చాలు "ఈ తరంలో మొనగాడు ఎవరు" అన్న గొడవ మొదలవుతుంది. క్వీన్స్‌లాండ్ వాళ్ళు క్షణం ఆలోచించకుండా జొనాథన్ థర్స్టన్ అంటారు. న్యూక్యాజిల్ వాళ్ళు ఆండ్రూ జాన్స్ పేరు తప్ప ఇంకొకటి వింటే మొహం మాడ్చుకుంటారు. నేను మెల్‌బోర్న్ స్టార్మ్ ఆటగాడు కామెరాన్ స్మిత్ అంటాను. అంతే, అప్పటిదాకా కొట్టుకుంటున్నవాళ్ళు ఒక్కటైపోయి నన్ను ఆడుకుంటారు. "రెఫరీ చెవి కొరికేవాడు", "టాకిల్ చేసి మీద పడి లేవడు", "మెల్‌బోర్న్ మోసం బ్యాచ్" అని.

430 ఎన్‌ఆర్‌ఎల్ (ఇక్కడి క్లబ్బుల లీగ్) మ్యాచ్‌లు, 42 ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే మూడు మ్యాచ్‌ల సిరీస్) మ్యాచ్‌లు, 2,786 పాయింట్లు. మూడూ రికార్డులే. 2020లో 37 ఏళ్ళ వయసులో గ్రాండ్ ఫైనల్ (సీజన్ ఆఖరి మ్యాచ్, కప్పు తేలేది) ఆడి, అందులో ట్రై (బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం) కూడా కొట్టి, కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకేం చేయాలి పాపం? 2000 నుంచి 2020 లోపు ఆడినవాళ్ళనే లెక్కలోకి తీసుకుందాం. చెప్పండి.

బ్రిస్బేన్_బుజ్జి
థర్స్టన్. ఇంక థ్రెడ్ మూసెయ్యొచ్చు.

ఈల్స్_అభాగ్యుడు
మోసం బ్యాచ్ అని మేం ఊరికే అనట్లేదు వాసూ. మా పారమట్టా ఈల్స్ 2009 గ్రాండ్ ఫైనల్ 23-16తో మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో పోగొట్టుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తేలిందేమిటి? క్లబ్బు జీతాల పరిమితి దాటి ఏళ్ళ తరబడి దొంగచాటుగా డబ్బులిస్తోందని. 2007, 2009 టైటిళ్ళు రెండూ పీకేశారు. మరి మాకేమైనా ఇచ్చారా? లేదు. 1986 తర్వాత పారమట్టాకి కప్పు లేదు. స్మిత్ పేరు వింటే నాకు బీపీ పెరుగుతుంది, అంతకుమించి వాదన నా దగ్గర లేదు.

మెల్‌బోర్న్_మూర్తి
ఆ దొంగ లెక్కలు రాసింది క్లబ్బు ఆఫీసు. ఆటగాళ్ళకి తెలుసని ఎవరూ నిరూపించలేదు. పైగా ఆ తర్వాత పరిమితి లోపలే ఉండి 2012, 2017, 2020 గెలిచారు. దానికేం చెబుతారు?

ఈల్స్_అభాగ్యుడు
బీపీ అని ముందే చెప్పాను కదా సార్.

కొత్తగా_దిగా
చదువుకోవడానికి ఈమధ్యే సిడ్నీ వచ్చాను. రగ్బీలో గొప్పవాడు అంటే జోనా లోము కదా? ఆయన పేరు ఎవరూ ఎత్తలేదేంటి? మన హైదరాబాద్ హీరోస్ కూడా రగ్బీ లీగ్ టీమే కదా?

గట్టుమీద_మోడరేటర్
తమ్ముడూ, లోముది రగ్బీ యూనియన్, 15 మంది ఆడేది. హైదరాబాద్ హీరోస్ ఆడేది రగ్బీ సెవెన్స్, అంటే యూనియన్‌లోనే ఏడుగురి ఆట. ఇక్కడ మాట్లాడుకుంటున్నది 13 మంది ఆడే రగ్బీ లీగ్. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో కూర్చుని, పని మానుకుని ఆడే కార్మికులకి ఆ కూలి డబ్బు ఇవ్వాలని పట్టుబట్టి విడిపోయాయి. అక్కడినుంచి రెండూ వేర్వేరు ఆటలు. ఇక్కడి ఆఫీసుల్లో ఒకదాన్ని ఇంకోటి అన్నావంటే లంచ్ టైమంతా క్లాసు పీకుతారు, జాగ్రత్త.

కొత్తగా_దిగా
థాంక్స్ అన్నా. మరి హుకర్, హాఫ్‌బ్యాక్ అంటే ఏంటి?

కాకినాడ_కబడ్డీ
మన కబడ్డీ తెలిస్తే లీగ్ సగం తెలిసినట్టే. బంతి పట్టుకున్నవాడు రైడర్‌లా గుంపులోకి దూసుకెళ్తాడు, అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. అలా ఆరుసార్లు పట్టేస్తే బంతి అవతలి జట్టుకి. పడినవాడు లేచి కాలితో బంతిని వెనక్కి దొర్లిస్తాడు. దాన్ని అందుకునేవాడే డమ్మీ హాఫ్, మామూలుగా అది హుకర్ పని. అంటే ఇంచుమించు ప్రతి టాకిల్ తర్వాతా బంతి ముందు అతని చేతికే వస్తుంది. హాఫ్‌బ్యాక్ అతని పక్కన ఉండి ఎటు ఆడాలో, ఎప్పుడు తన్నాలో నడిపిస్తాడు.

ఇక వాసు గారి బాధకి నా సమాధానం. కబడ్డీలో పర్దీప్ నర్వాల్ పేరు చిన్నపిల్లాడికీ తెలుసు. ఫజెల్ అత్రాచలి పేరు ఎంతమందికి తెలుసు? పాయింటు తెచ్చినవాడికి చప్పట్లు, పట్టుకున్నవాడికి చెమట. స్మిత్ ఆడిన హుకర్ స్థానమే అలాంటిది.

ఈల్స్_అభాగ్యుడు
కబడ్డీ మాట ఎత్తకండి. నేను తెలుగు టైటాన్స్ అభిమానిని కూడా.

బ్రిస్బేన్_బుజ్జి
అన్నా, నువ్వు దయచేసి మా బ్రాంకోస్‌కి మాత్రం సపోర్ట్ చేయకు.

టౌన్స్‌విల్_డాక్టరమ్మ
2015 గ్రాండ్ ఫైనల్ రాత్రి నేను టౌన్స్‌విల్‌లో డ్యూటీలో ఉన్నాను. వార్డులో టీవీ చుట్టూ పేషెంట్లు, నర్సులు, సెలైన్ స్టాండ్ లాక్కుంటూ వచ్చి నిలబడ్డ ఒక పెద్దాయన. బ్రిస్బేన్ 16, థర్స్టన్ ఆడే మా కౌబాయ్స్ 12. సైరన్ మోగేసింది, బంతి ఇంకా ఆటలోనే ఉంది. కుడివైపు మైకేల్ మోర్గాన్ ఇద్దరి మధ్య దూరి బంతిని పక్కకి విసిరాడు, కైల్ ఫెల్ట్ మూలలో పడి ట్రై చేశాడు. 16-16. ఇప్పుడు టచ్‌లైన్ అంచు నుంచి కన్వర్షన్ (ట్రై తర్వాత స్తంభాల మధ్యకి తన్నే కిక్, రెండు పాయింట్లు) కొడితే కప్పు. థర్స్టన్ కొట్టాడు. బంతి వంపు తిరిగి లోపలికి వస్తున్నట్టే వచ్చి స్తంభానికి తగిలి బయటికి పోయింది. మా పెద్దాయన అక్కడే కుర్చీలో కూలబడ్డాడు, నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

గోల్డెన్ పాయింట్ (సమమైతే ఆడే అదనపు ఆట, ముందు పాయింటు కొట్టినవాళ్ళదే గెలుపు) మొదలవగానే బ్రిస్బేన్ హాఫ్‌బ్యాక్ బెన్ హంట్ కిక్ఆఫ్ బంతిని జారవిడిచాడు. కొన్ని టాకిళ్ళ తర్వాత థర్స్టన్ ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగానే స్తంభాల మధ్యకి తన్నడం, ఒక పాయింటు). 17-16. 1995లో లీగ్‌లోకి వచ్చిన క్లబ్బుకి మొదటి కప్పు అది. గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ కూడా అతనికే. అందరూ గంతులేస్తుంటే కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని గ్రౌండ్‌లో కూర్చున్నాడు.

రెండు నిమిషాల ముందు అంత పెద్ద కిక్ పోగొట్టుకున్న మనిషి, మళ్ళీ బంతి నాకే ఇవ్వండి అని నిలబడటం ఉంది చూశారా, దాన్ని 2,786 పాయింట్లతో కొలవలేం వాసు గారూ.

వెస్ట్‌మీడ్_వాసు
డాక్టర్ గారూ, చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది, కాదనను. కానీ మీరే రాశారు, హంట్ బంతి వదిలేశాడని. అది వదలకపోతే? ఒక్క రాత్రితో తరం మొత్తాన్ని తూకం వేద్దామా?

స్టాట్స్_శాస్త్రి
ఒక్క రాత్రి కాదు. డాలీ ఎమ్ మెడల్ చూడండి, అంటే సీజన్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు. థర్స్టన్‌కి నాలుగు: 2005, 2007, 2014, 2015. ఇంకెవరికీ అన్ని లేవు. జాన్స్‌కి మూడు: 1998, 1999, 2002. స్మిత్‌కి రెండు: 2006, 2017. కూపర్ క్రాంక్‌కి రెండు: 2013, 2016. బిల్లీ స్లేటర్‌కి ఒకటి, 2011. ఆరిజిన్‌లో థర్స్టన్ 2005 నుంచి 2016 దాకా ఒక్క మ్యాచ్ కూడా మానకుండా వరసగా 36 ఆడాడు. ఆరిజిన్‌లో ఒంటి మీద ఎన్ని దెబ్బలు పడతాయో చూసినవాళ్ళకి ఆ 36 విలువ తెలుస్తుంది.

మెల్‌బోర్న్_మూర్తి
శాస్త్రి గారూ, స్మిత్ రెండు మెడళ్ళ మధ్య దూరం చూశారా? పదకొండేళ్ళు. 23 ఏళ్ళకి ఉత్తముడు, 34 ఏళ్ళకి మళ్ళీ ఉత్తముడు. మధ్యలో రోజూ ముప్పై నలభై టాకిళ్ళు చేస్తూ, వంద కేజీల పైబడ్డ మనుషుల్ని ఛాతీతో ఆపుతూ.

ఇంకోమాట. మా ఊళ్ళో అందరూ ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, ఇంకో ఆట) పిచ్చోళ్ళు. టార్నీట్‌లో మా వీధి మొత్తం మీద లీగ్ చూసేది నేనొక్కణ్ణే. చాలాసార్లు ఏఏఎమ్‌ఐ పార్క్‌లో టచ్‌లైన్ పక్కనే కూర్చుని స్మిత్‌ని చూశాను. టీవీలో కనపడనిది అక్కడ కనపడుతుంది. అతను పరిగెత్తడు. నడుస్తాడు. టాకిల్ అయిన చోటికి అందరికంటే ఆలస్యంగా బయల్దేరినట్టు కనిపిస్తాడు, కానీ బంతి దొర్లేసరికి అక్కడే ఉంటాడు. వంగే ముందు తల ఎత్తి ఎదుటివాళ్ళ వరసని ఒక్కసారి చూస్తాడు. ఎవడు ఆయాసపడుతున్నాడో, ఎవడు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడో. సరిగ్గా వాడి మీదకే మనిషిని పంపిస్తాడు. రెండుసార్లు అదే చోట. మూడోసారి వాళ్ళు అటు సర్దుకుంటే ఇటు స్లేటర్ గాలిలా వెళ్ళిపోతాడు. మరుసటి రోజు పేపర్లో స్లేటర్ ఫోటో.

బ్రిస్బేన్_బుజ్జి
మూర్తి గారూ బాగా రాశారు, కానీ మీ వాదనకి మీరే గండి కొట్టుకున్నారు. పక్కన స్లేటర్, క్రాంక్, 2010 దాకా గ్రెగ్ ఇంగ్లిస్. అందరూ హాల్ ఆఫ్ ఫేమ్ సరుకే. అలాంటివాళ్ళ మధ్య ఎవరైనా బాగానే కనపడతారు. థర్స్టన్ చాలా ఏళ్ళు ఆ క్లబ్బుని ఒంటిచేత్తో లాగాడు.

సెయింట్‌లూసియా_శ్రీను
ఒంటిచేత్తో? మ్యాట్ బోవెన్, మ్యాట్ స్కాట్, జేసన్ తౌమలోలో వీళ్ళంతా గాలికి వచ్చారా? 2017లో భుజం దెబ్బతో థర్స్టన్ సీజన్ మధ్యలోనే ఆగిపోయాడు. అతను లేకుండానే కౌబాయ్స్ ఎనిమిదో స్థానం నుంచి గ్రాండ్ ఫైనల్ దాకా వచ్చారు.

టౌన్స్‌విల్_డాక్టరమ్మ
వచ్చి 34-6తో ఓడారు. ఎవరి చేతిలోనో వాసు గారు సంతోషంగా చెబుతారు.

వెస్ట్‌మీడ్_వాసు
:) స్టార్మ్ చేతిలో.

స్టాట్స్_శాస్త్రి
"అతను లేకపోతే" అనే లెక్క మొదలైంది కాబట్టి స్మిత్‌కీ వేద్దాం. 2008లో గ్రాపిల్ టాకిల్‌కి (తల, మెడ పట్టేసి ఆపడం) సస్పెండ్ అయ్యి గ్రాండ్ ఫైనల్ ఆడలేదు. మెల్‌బోర్న్ 40-0తో మ్యాన్లీ చేతిలో చిత్తయ్యింది.

వెస్ట్‌మీడ్_వాసు
అదే కదా నేను చెప్పేది! స్మిత్ లేకపోతే సున్నా.

స్టాట్స్_శాస్త్రి
పూర్తి చేయనివ్వు. అంతకుముందు వారం సెమీస్‌లో కూడా అతను లేడు. క్రొనుల్లాని 28-0తో కొట్టారు. 2021లో అతను రిటైరయ్యాక మొదటి సీజన్‌లోనే వరసగా 19 మ్యాచ్‌లు గెలిచి పాత రికార్డుని అందుకున్నారు. క్రెయిగ్ బెల్లమీ లాంటి కోచ్ ఉన్న చోట ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. ఈ "లేకపోతే" లెక్క ఇద్దరికీ పనికిరాదు, పక్కన పెట్టండి.

న్యూక్యాజిల్_నాయుడు
మీ చిన్నపిల్లల గొడవ చదువుతూ టీ తాగుతున్నా. 1997 గ్రాండ్ ఫైనల్. ఊపిరితిత్తికి చిల్లు పడ్డ జాన్స్, ఆడొద్దని చెప్పినా దిగాడు. మ్యాన్లీతో 16-16. ఆఖరి క్షణాల్లో అందరూ ఫీల్డ్ గోల్ కోసం చూస్తుంటే, జాన్స్ ఇరుకు వైపు దూరి డారెన్ ఆల్బర్ట్‌కి బంతి ఇచ్చాడు. ట్రై. 22-16. ఉక్కు కర్మాగారం మూతపడబోతోందని ఏడుస్తున్న ఊరికి ఆ గెలుపు ఏమిటో నా పక్కింటి ముసలాయన ఇప్పటికీ కన్నీళ్ళతో చెబుతాడు. 2012లో ఎనిమిదో ఇమ్మోర్టల్ (ఇక్కడి లీగ్‌లో ఆటగాడికి దక్కే అన్నిటికంటే పెద్ద గౌరవం) అయ్యాడు. మీ థర్స్టన్, స్మిత్ ఇద్దరూ ఇంకా కాలేదు.

గట్టుమీద_మోడరేటర్
నాయుడు గారూ, వాసు పెట్టిన హద్దు 2000-2020. 1997 చెల్లదు.

న్యూక్యాజిల్_నాయుడు
2001 చెల్లుతుందా? గ్రాండ్ ఫైనల్, చర్చిల్ మెడల్ జాన్స్‌కే. పారమట్టా మీద.

ఈల్స్_అభాగ్యుడు
అయ్యా... హాఫ్ టైమ్‌కి 24-0. చివరికి 30-24. ఈ థ్రెడ్‌లో ప్రతి గొప్ప ఆటగాడి కథలోనూ దెబ్బలు తినేది మేమేనా?

న్యూక్యాజిల్_నాయుడు
2005 ఆరిజిన్ కూడా చెల్లుతుంది. మొదటి మ్యాచ్ క్వీన్స్‌లాండ్ గెలిచింది, జాన్స్ గాయంతో లేడు. రెండోదానికి వచ్చాడు. 32-22. మూడోది 32-10. సిరీస్ మాది. అవతల ఎవరున్నారు? మీ థర్స్టన్, మీ స్మిత్. అప్పటికి జాన్స్ ముప్పై దాటినవాడు.

సెయింట్‌లూసియా_శ్రీను
ఆ తర్వాత 2006 నుంచి 2013 దాకా ఎనిమిది సిరీస్‌లు వరసగా ఎవరు గెలిచారో కూడా రాయండి నాయుడు గారూ. టీ చల్లారిపోతుందేమో.

న్యూక్యాజిల్_నాయుడు
జాన్స్ మెడ దెబ్బతో 2007లో రిటైరయ్యాడు. అతను లేని మైదానంలో ఎన్నయినా గెలుచుకోండి.

స్టాట్స్_శాస్త్రి
అసలు తరం అంటే ఏమిటో ఒక తమాషా చూడండి. థర్స్టన్, స్మిత్, స్లేటర్, క్రాంక్ నలుగురూ 1983లో పుట్టినవాళ్ళే. అందులో స్మిత్, స్లేటర్ ఒకే రోజు పుట్టారు, జూన్ 18.

కాకినాడ_కబడ్డీ
ఆగండాగండి. 1983 జూన్ 18? టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 కొట్టిన రోజు!

స్టాట్స్_శాస్త్రి
అవును, అదే రోజు. 17 పరుగులకి 5 వికెట్లు పోయిన మ్యాచ్. బీబీసీ వాళ్ళ సమ్మె వల్ల వీడియో కూడా లేదు.

బ్రిస్బేన్_బుజ్జి
మా నాన్నకి చెబితే ఇక ఆయన కూడా స్మిత్ పార్టీయే. ఇది అన్యాయం.

లీడ్స్_లలిత
ఇన్ని పోస్టులు చదివాను, ప్రపంచంలో లీగ్ ఆస్ట్రేలియాలోనే ఆడతారన్నట్టు ఉంది. ఆట పుట్టిందే ఇక్కడ. లీడ్స్ రైనోస్ 2004 నుంచి 2017 మధ్య ఎనిమిది గ్రాండ్ ఫైనళ్ళు గెలిచింది. అందులో ఏడింటికి కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్. ఇక అదే టీమ్‌లో రాబ్ బరో. ఎత్తు 1.65 మీటర్లు, అంటే మన ఇళ్ళల్లో మామూలు మగవాళ్ళంత. చుట్టూ కొండల్లాంటి మనుషులు. 2011 ఫైనల్లో సెయింట్ హెలెన్స్ మీద డమ్మీ హాఫ్ నుంచి బంతి తీసుకుని, ఒకడి చేయి కింద నుంచి దూరి, గ్రౌండ్‌లో సగం దూరం పోయి పెట్టిన ట్రై వెతికి చూడండి. తర్వాత మాట్లాడదాం.

సెయింట్‌లూసియా_శ్రీను
మీ ఇంగ్లండ్ సూపర్ లీగ్ స్థాయి ఎన్‌ఆర్‌ఎల్ కంటే తక్కువే కదా మేడమ్. గౌరవంతోనే అంటున్నా.

లీడ్స్_లలిత
స్థాయి తక్కువని మీరంటే వినాలి, ఎన్‌ఆర్‌ఎల్‌దే పైచేయి. కానీ ఆటగాడి గొప్పతనం మైదానం గీత దగ్గరే ఆగిపోతుందా? బరోకి మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చాక సిన్‌ఫీల్డ్ 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తి డబ్బు పోగు చేశాడు. 2023లో లీడ్స్ మారథాన్‌లో వీల్‌చైర్లో బరోని తోసుకొచ్చి, గీత దగ్గర ఆగి, రెండు చేతులతో ఎత్తుకుని దాటించాడు. ఆ రోజు రోడ్డు పక్కన మా అత్తగారు కూడా ఉన్నారు, ఆవిడకి రగ్బీ అంటే ఏమిటో తెలియదు, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. బరో 2024 జూన్‌లో పోయారు.

టౌన్స్‌విల్_డాక్టరమ్మ
లలిత గారూ, ఆ జబ్బు ఏం చేస్తుందో రోజూ చూసేదాన్ని. ఆ మారథాన్ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను.

బ్రిస్బేన్_బుజ్జి
గొప్ప మనుషులు, కాదనను. కానీ మనసు లెక్కలోకి తీసుకుంటే థర్స్టన్ ఇంకా ముందుకే వస్తాడు. 2004లో బుల్‌డాగ్స్ తరఫున మొదటి గ్రాండ్ ఫైనల్ గెలిచాడు. కెప్టెన్ స్టీవ్ ప్రైస్ గాయంతో ఆడలేకపోయాడు, ఇతను ఆ స్థానంతోనే టీమ్‌లోకొచ్చాడు. గెలిచాక తనకొచ్చిన విజేత ఉంగరం తీసి ప్రైస్‌కి ఇచ్చేశాడు. 21 ఏళ్ళ కుర్రాడు. మళ్ళీ ఉంగరం దొరకడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఇంకోటి నేను కళ్ళారా చూసింది. ఒక మ్యాచ్ అయ్యాక కంచె దగ్గరికి వచ్చి, తల మీది హెడ్‌గేర్ తీసి, మా పక్క సీటు పిల్లాడి చేతిలో పెట్టాడు. చెమటతో తడిసి ముద్దయి ఉంది. వాడు అలాగే తలకి పెట్టేసుకున్నాడు, వాళ్ళమ్మ "ఛీ, తియ్" అంటున్నా వినలేదు. ప్రతి మ్యాచ్ తర్వాతా అంతే చేసేవాడు.

వెస్ట్‌మీడ్_వాసు
బుజ్జీ, మంచితనం పోటీ అయితే నేను ఇప్పుడే ఓడిపోయాను. నా ప్రశ్న ఆట గురించి.

బ్రిస్బేన్_బుజ్జి
సరే, ఆట. 2017 ఆరిజిన్ రెండో మ్యాచ్, సిడ్నీలో. భుజం పోయింది, చెయ్యి పైకి లేవట్లేదు. అయినా దిగలేదు. ఆఖర్లో గగాయ్ ట్రైతో 16-16. కన్వర్షన్ కొడితే గెలుపు. కొట్టాడు. 18-16. అదే అతని ఆఖరి ఆరిజిన్. ఆ చోట స్మిత్‌ని నిలబెడితే?

మెల్‌బోర్న్_మూర్తి
స్మిత్ కూడా కొట్టేవాడు. ఆ టీమ్‌లోనే ఉన్నాడు, రాష్ట్రానికి కెప్టెన్ కూడా అతనే. థర్స్టన్ లేని మూడో మ్యాచ్ 22-6తో గెలిపించింది కూడా అతని టీమే. 2018లో స్మిత్, థర్స్టన్, క్రాంక్ ముగ్గురూ లేకపోయేసరికి సిరీస్ న్యూ సౌత్ వేల్స్‌కి పోయింది.

పెన్రిత్_ప్రసాద్
అందరూ మర్చిపోతున్నది క్రాంక్‌ని. 2018 గ్రాండ్ ఫైనల్ రూస్టర్స్ తరఫున, భుజం వెనక ఎముక విరిగి ఉండగా ఆడాడు. బంతి దాదాపు ముట్టుకోలేదు. మైదానం మధ్యలో నిలబడి అందరికీ ఎక్కడ నిలబడాలో చెబుతూ ఉన్నాడు. ప్రత్యర్థి ఎవరు? తన పాత టీమ్ మెల్‌బోర్న్. 21-6. స్మిత్ మెదడు గొప్పదైతే, ఆ రాత్రి దాన్ని ఒంటిచేత్తో ఓడించిన మెదడు ఇది. పైగా 2019లో కూడా కప్పు.

వెస్ట్‌మీడ్_వాసు
ఒంటిచేత్తో అనడం మాత్రం అక్షరాలా నిజం :) దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ మెల్‌బోర్న్ వదిలాక క్రాంక్ వెళ్ళింది టెడెస్కో, కీరీ ఉన్న టీమ్‌కి.

అలీ_ఫ్యాన్_అనూష
మగవాళ్ళ పేర్లే వస్తున్నాయి. మహిళల ఎన్‌ఆర్‌ఎల్ 2018లో మొదలైంది. మొదటి మూడు టైటిళ్ళు, 2018, 2019, 2020, బ్రిస్బేన్ బ్రాంకోస్‌వే. మూడింటిలోనూ అలీ బ్రిగిన్‌షా. ఆ ఆట నిలబడక ముందునుంచి దాన్ని భుజాల మీద మోసిన మనిషి. 2000-2020 హద్దులోనే ఉంది, రూల్ ప్రకారమే అడుగుతున్నా. మా అమ్మాయి అండర్-12లో ఆడుతోంది, దానికి థర్స్టన్ ఎవరో తెలియదు, అలీ తెలుసు.

గట్టుమీద_మోడరేటర్
చెల్లుతుంది. అనూష గారి ఓటు లెక్కలో వేశాం.

కొత్తగా_దిగా
నేను నిన్న రాత్రి కూర్చుని 2015 ఫైనల్ చివరి పది నిమిషాలూ, 2017 గ్రాండ్ ఫైనల్ మొత్తం చూశాను. మొదటిది చూసి లేచి అరిచాను, రూమ్మేట్ తిట్టాడు. రెండోదాంట్లో మూర్తి గారు చెప్పినట్టు స్మిత్‌నే చూస్తూ కూర్చున్నా. నిజంగానే నడుస్తున్నాడు! ఒకసారి రెఫరీతో నవ్వుతూ ఏదో అంటున్నాడు, ఈలోగా వాళ్ళ ముందు వరస మొత్తం ఊపిరి తీసుకుని సర్దుకుంది. కావాలనే చేస్తాడా?

మెల్‌బోర్న్_మూర్తి
కావాలనే. చూశావా, కన్ను పడింది నీకు.

ఈల్స్_అభాగ్యుడు
దాన్నే మా ఊళ్ళో రెఫరీ చెవి కొరకడం అంటారు తమ్ముడూ.

న్యూక్యాజిల్_నాయుడు
ఏది ఏమైనా 2024లో కొత్త ఇమ్మోర్టల్‌ని ప్రకటిస్తే వచ్చిన పేరు రాన్ కూట్. 14వ వాడు. అరవైలు, డెబ్బైల నాటి ఆటగాడు. మీవాళ్ళు క్యూలో ఉన్నారు, ఉండనివ్వండి.

స్టాట్స్_శాస్త్రి
క్యూలో ముందు ఎవరన్నదే ఇక్కడ గొడవ. నా ఓటు ఇప్పటికీ థర్స్టన్. బంతి చేతికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఎదుటి జట్టుకే కాదు, సొంత జట్టుకీ తెలిసేది కాదు. స్మిత్ తప్పు చేయడు, అదే అతని గొప్ప. కానీ చూస్తూ ఊపిరి బిగబట్టిన క్షణాలు వెతికితే నాకు థర్స్టనే దొరుకుతాడు. మూర్తి గారికి ఇది నచ్చదు.

మెల్‌బోర్న్_మూర్తి
నచ్చలేదు. ఊపిరి బిగబట్టాల్సిన అవసరం రాకుండా మ్యాచ్ ముగించడం ఇంకా పెద్ద విద్య.

పెన్రిత్_ప్రసాద్
సరే, మీరంతా ముసలాళ్ళ గురించి తేల్చుకునేలోపు నాది ఒక మాట. 2021, 2022, 2023, 2024. మా పెన్రిత్‌కి వరసగా నాలుగు కప్పులు. 2023 ఫైనల్లో 24-8తో వెనకబడి, చివర్లో బ్రిస్బేన్‌ని 26-24తో కొట్టాడు నేథన్ క్లియరీ. వీళ్ళెవరికైనా వరసగా నాలుగున్నాయా?

సెయింట్‌లూసియా_శ్రీను
ఆరిజిన్‌లో క్లియరీ ఏం పొడిచాడో కూడా రాయి ప్రసాదూ.

పెన్రిత్_ప్రసాద్
నీకు ఎనిమిది వరస సిరీస్‌లు తప్ప ఇంకేం కనపడవా?

బ్రిస్బేన్_బుజ్జి
ఆ 2023 ఫైనల్ గురించి ఈ థ్రెడ్‌లో మాట్లాడకూడదని రూల్ పెట్టండి మోడరేటర్ గారూ. ప్లీజ్.

ఈల్స్_అభాగ్యుడు
2022 గురించి కూడా. 28-12. మళ్ళీ మేమే.

గట్టుమీద_మోడరేటర్
క్లియరీ 2020 తర్వాతి లెక్క. కొత్త థ్రెడ్ తెరుస్తున్నా, అక్కడికి రండి. ఒక్కటే షరతు: ప్రసాద్, శ్రీను ఇద్దరూ తిట్లు లేకుండా రాయాలి.

పెన్రిత్_ప్రసాద్
తెరవకముందే శ్రీను నాకు ప్రైవేట్ మెసేజ్‌లో మొదలుపెట్టేశాడు.